పార్కులోకి బండి రావచ్చా?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నా బండి మీద చలానా. హెల్మెట్ పెట్టుకోలేదట. లింకు నొక్కితే ఫొటో కూడా ఉంది. ఫొటోలో ఉన్నది నల్ల మోటార్ సైకిల్. నాది బూడిద రంగు స్కూటర్. ఫొటోలో ఉన్నాయనకి నున్నటి బట్టతల. నాకు ప్రస్తుతానికి జుట్టుంది. పైగా ఆ ఊరికి నేను జన్మలో ఎప్పుడూ వెళ్లలేదు.

జూమ్ చేసి చూస్తే సంగతి అర్థమైంది. ఆ బండి నంబరు ప్లేటు మీద చివరి అంకె దగ్గర బురద అంటుకుంది. 3 కాస్తా 8 లాగా కనిపిస్తోంది. నా నంబరు చివర 8. కెమెరా ఫొటోల్లో నంబర్లు చదివే పని ఇప్పుడు చాలా చోట్ల సాఫ్ట్‌వేర్‌దే. దానికి బురద తెలీదు, అంకెలే తెలుసు.

సరే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అనుకుని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టా. ఆర్‌సీ, నా స్కూటర్ ఫొటో జత చేశా. మూడో రోజు జవాబొచ్చింది. "మీ ఫిర్యాదు తిరస్కరించబడింది." అంతే. ఎందుకో లేదు. ఎవరు తిరస్కరించారో కూడా లేదు.

ఫ్రెండ్స్ గ్రూపులో పెడితే అందరిదీ ఒకటే మాట. "కట్టి పడెయ్ మామా, ఒక బిర్యానీ డబ్బులు." నిజమే. కానీ చెయ్యని తప్పుకి బిర్యానీ ఎందుకు త్యాగం చెయ్యాలి?

మా బాబాయ్‌కి ఫోన్ చేశా. ముప్ఫై ఏళ్లుగా ప్లీడరు. ఇప్పటికీ 'మునసబు కోర్టు' అనే అంటాడు. అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు.

"కారణం చెప్పారా?"

"లేదు బాబాయ్."

"అయితే వాళ్లు నీకు జవాబివ్వలేదురా. తలుపేశారు, అంతే."

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్తే టీతో పాటు నాకో పొడుపు కథ దొరికింది. న్యాయశాస్త్రం చదివేవాళ్లందరికీ తెలిసినదే. 1958లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ హెచ్.ఎల్.ఎ. హార్ట్ హార్వర్డ్ లా రివ్యూలో ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక చిన్న రూలు: పార్కులోకి వాహనాలు తేకూడదు. కారు రాకూడదు. అందులో డౌటు లేదు. మరి సైకిలో? రోలర్ స్కేట్లో? పిల్లాడి బొమ్మ కారో? రూలులోని మాటకి నడిమధ్య వెలుగు ఉంటుంది, అంచుల్లో మసక ఉంటుంది అంటాడు హార్ట్. మసకలో ఉన్నవాటి సంగతి ఎవరో ఒకరు ఆలోచించి తేల్చాల్సిందే.

దానికి అదే సంచికలో అమెరికా ప్రొఫెసర్ లాన్ ఫుల్లర్ ఎదురు ప్రశ్న వేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన ట్రక్కుని, పనిచేసే స్థితిలోనే, స్మారకంగా పార్కులో దిమ్మె మీద నిలబెడితే? అది వాహనమే కదా? మరి రూలు తప్పినట్టా? రూలు ఎందుకు పెట్టారో తెలియకుండా దాన్లో మాటకి అర్థం చెప్పలేం అన్నది ఫుల్లర్ వాదన.

ఈ గొడవ తెలుగులో ఇంకా ముదురుతుంది. మనకి అన్నీ బండ్లే! ఎద్దుల బండి, తోపుడు బండి, రైలు బండి, ఐస్‌క్రీం బండి. 'పార్కులోకి బండ్లు నిషేధం' అని బోర్డు పెడితే, గేటు దగ్గర ఉన్న వాచ్‌మన్ ఏం చేస్తాడు? వీల్‌చైర్‌లో వచ్చిన పెద్దాయన్ని లోపలికి పంపిస్తాడు. వాకింగ్‌లో ఎవరో కళ్లు తిరిగి పడిపోతే అంబులెన్సుకి గేటు బార్లా తెరుస్తాడు. ఆయన న్యాయశాస్త్రం చదవలేదు. బోర్డు ఎందుకు పెట్టారో మాత్రం తెలుసు.

ఇప్పుడు ఆ వాచ్‌మన్ స్థానంలో ఏఐ కెమెరా పెట్టండి.

చట్టాన్ని కంప్యూటర్‌కి నేర్పించాలన్న కోరిక ఇవాళ్టిది కాదు. 1986లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు బ్రిటన్ పౌరసత్వ చట్టాన్ని ప్రోలాగ్ అనే కంప్యూటర్ భాషలో రాసి చూపించారు. ఎక్కడ పుట్టారు, తల్లిదండ్రులు ఎవరు, ఎన్నేళ్లు ఉన్నారు... ఇలాంటివి చెబితే చాలు, ఫలానా మనిషి పౌరుడవునో కాదో తర్కంతో తేల్చేస్తుంది. కానీ అదే చట్టంలో, బయటి దేశం వాళ్లు పౌరసత్వం అడిగితే 'సత్ప్రవర్తన' ఉండాలని కూడా ఉంది. సత్ప్రవర్తనకి కోడ్ ఎలా రాస్తారు? అక్కడికొచ్చేసరికి మళ్లీ మనిషినే అడగాలి.

ఇవాళ్టి ఏఐ దారి వేరు. దానికి రూళ్లు చెప్పరు. లక్షల పాత ఉదాహరణలు చూపించి, వాటిలో పోలికలు పట్టుకోమంటారు. "ఇలాంటి కేసుల్లో సాధారణంగా ఏమవుతుంది?" అన్నదానికి అది జవాబు చెప్పగలదు.

"అది చట్టమే కదా మరి?" అన్నా బాబాయ్‌తో.

"నువ్వే కాదు, హోమ్స్ దొర కూడా అలాంటి మాటే అన్నాడు," అన్నాడు. ఆలివర్ వెండెల్ హోమ్స్, తర్వాత అమెరికా సుప్రీంకోర్టు జడ్జి అయిన మనిషి. చట్టం అంటే కోర్టులు ఏం చేస్తాయో ముందే ఊహించి చెప్పడమేనని 1897లోనే వాదించాడు. ఆ లెక్కన చూస్తే ఏఐ మహా గొప్ప లాయరు.

"నాకు పనికొస్తుందిరా ఆ జోస్యం. క్లయింటు వస్తే గెలుస్తామా, ఓడిపోతామా అని ముందే చెప్పాలిగా. కానీ బెంచి మీద కూర్చున్నాయనకి ఎందుకు? నేను ఏం తీర్పు ఇవ్వబోతానో ఊహించుకుని అదే తీర్పు ఇస్తానంటే ఏమైనా అర్థం ఉందా? ఆయన ఊహించకూడదు, తేల్చాలి. ఎందుకలా తేల్చాడో రాయాలి కూడా."

అమెరికాలో ఇది నిజంగానే కోర్టుకెక్కింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో లూమిస్ అనే వ్యక్తికి శిక్ష వేసేటప్పుడు జడ్జి ముందు కాంపస్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన స్కోరు ఉంది. ఈ మనిషి మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎంత అన్నది ఆ స్కోరు. లెక్క ఎలా కట్టారో చూపించండి అంటే, అది కంపెనీ వ్యాపార రహస్యం. 2016లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు స్కోరు వాడుకోవచ్చు అంది. కానీ శిక్షని తేల్చేది అదే కాకూడదు, జడ్జీలకి దాని లోపాల గురించి హెచ్చరిక రాసి ఇవ్వాలి అని కూడా చెప్పింది. తన స్కోరు ఎలా వచ్చిందో ఆ మనిషికి మాత్రం తెలియలేదు.

'అమెరికా గోల మనకెందుకులే' అనుకుంటున్నారా? తెలంగాణకే వద్దాం. ఇక్కడా కథ బండిదే.

నాలుగు చక్రాల బండి ఉన్నవాళ్లకి రేషన్ కార్డు ఇవ్వరు. రూలు బాగానే ఉంది. ఎవరికి కారుందో పట్టుకోవడానికి వేర్వేరు శాఖల డేటా కలిపి చూసే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ తెచ్చారు. ఒక శాఖలో ఉన్న పేరు, ఇంకో శాఖలో ఉన్న పేరు ఒకే మనిషివా కాదా అని అది పోల్చి చూస్తుంది. మన పేర్ల సంగతి మీకు తెలుసుగా. ఒక్కో వీధిలో నలుగురు శ్రీనులు ఉంటారు. రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరు మీద కారు ఉన్నట్టు లెక్క తేలి, ఆ ఇంటికి బియ్యం ఆగిపోయిన సంగతి పత్రికల్లో వచ్చింది. కారేమో అలాంటి పేరే ఉన్న ఇంకెవరిదో.

2014 తర్వాత రాష్ట్రంలో సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. కంప్యూటర్ లెక్కల ఆధారంగా, నోటీసు కూడా ఇవ్వకుండా తీసేశారంటూ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు, రద్దయిన కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని చెప్పింది. అంటే మనిషి ఇంటికి వెళ్లి చూడాలి. గుమ్మం ముందు ఉన్నది కారా, రిక్షానా అని.

గమనించండి, ఇది హార్ట్ చెప్పిన మసక కాదు. రిక్షా కారు కాదని అందరికీ తెలుసు. రూలు స్పష్టంగానే ఉంది. మెషీన్ పట్టుకున్న 'నిజం' తప్పు. ఆ తప్పుని చెప్పుకోవడానికి ముందు ఒక్క అవకాశం ఇచ్చి ఉంటే, రెండు నిమిషాల్లో తేలేది. నాకు పోయేది బిర్యానీ. వాళ్లకి పోయింది నెల బియ్యం.

ఆ అవకాశానికి చట్టంలో పేరుంది. సహజ న్యాయ సూత్రాలు అంటారు. నా మీద చర్య తీసుకునేముందు నా మాట వినాలి. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టుని ప్రభుత్వం స్వాధీనం చెయ్యమంది. ఎందుకంటే 'ప్రజా ప్రయోజనం' అంది, కారణాలు చెప్పనంది. 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన చట్టానికే మలుపు. మనిషి స్వేచ్ఛని తీసుకునే పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలంది. అప్పుడు కారణం చెప్పనన్నది మనుషులు. ఇప్పుడు మెషీన్‌ని అడిగితే అది చెప్పలేకపోతోంది. మన వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే.

ఇక నా చలానా సంగతి. బాబాయ్‌ని ఎందుకు ఇబ్బంది పెట్టడమని నేనే ఒక చాట్‌బాట్‌తో అప్పీలు లెటర్ రాయించా. అద్దిరిపోయింది! మధ్యలో ఒక హైకోర్టు తీర్పు కూడా ఉంది. సంవత్సరం, నంబరుతో సహా. అచ్చం నా కేసే. బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని పావుగంట వెతికాడు.

"ఇలాంటి తీర్పు లేదురా."

2023లో న్యూయార్క్‌లో జరిగింది కూడా ఇదే. విమానంలో సరుకుల తోపుడు బండి మోకాలికి తగిలిందని ఒకాయన ఏవియాంకా ఎయిర్‌లైన్స్ మీద కేసు వేశాడు. (చూశారా, మళ్లీ బండే!) ఆయన లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల్ని కోర్టుకి చూపించారు. అవేవీ లేవు. ఇవి నిజమైనవేనా అని లాయరు దాన్నే అడిగితే, నిజమేనని చెప్పిందట. జడ్జి 5,000 డాలర్లు జరిమానా వేశాడు. అది అబద్ధం ఆడాలని ఆడలేదు. తీర్పులు చూడటానికి ఎలా ఉంటాయో దానికి తెలుసు, అలాంటిదొకటి అల్లింది. నా నంబరు ప్లేటు కూడా అంతే, 8 లాగా ఉంటే 8.

అలాగని ఏఐని కోర్టు గుమ్మం తొక్కనివ్వొద్దని నేననను. మన దేశంలో 5 కోట్లకు పైగా కేసులు పెండింగ్‌లో ఉన్నాయి. వాయిదాల కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇంగ్లిష్ తీర్పుల్ని మన భాషల్లోకి తేవడానికి సుప్రీంకోర్టు 2019లోనే 'సువాస్' అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టింది. మంచిదే. కానీ 'లీవ్ గ్రాంటెడ్' అంటే అప్పీలుకి అనుమతి ఇచ్చామని. మెషీన్ దాన్ని 'సెలవు మంజూరైనది' అని రాస్తే కేసు ఎటు పోతుంది? పక్కన చదివి దిద్దే మనిషి ఉండాలి. కేరళ హైకోర్టు 2025లో కింది కోర్టులకి ఒక విధానం తెచ్చింది. సాయానికి ఏఐని వాడుకోవచ్చు, తీర్పు తేల్చడానికి వాడకూడదని.

చివరికి బాబాయ్ చెప్పినట్టే చేశా. చాట్‌బాట్ లెటర్ చించేసి, తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు రాశా. ఇది నా బండి కాదు. ఇదిగో నా బండి ఫొటో. ఫిర్యాదు ఎందుకు తిరస్కరించారో కారణం రాతపూర్వకంగా ఇవ్వండి. ఎవరు చూశారో చెప్పండి.

ఆఫీసుకి వెళ్తే కౌంటర్‌లో ఒక కానిస్టేబుల్ ఉన్నాడు. ఫోన్‌లో ఫొటో చూశాడు. నన్ను చూశాడు. నా తల చూశాడు. నవ్వాడు.

"నీది స్కూటర్ కదా బాబూ?"

పది సెకన్లు. చలానా తీసేశారు. ఆ పది సెకన్ల కోసం నేను సగం రోజు సెలవు పెట్టుకున్నా. నాకు సెలవు దొరికింది, అడగమని చెప్పడానికి ప్లీడరు బాబాయ్ ఉన్నాడు. రెండూ లేనివాళ్లు ఏం చేస్తారు? అందుకే మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికైనా పింఛనో, రేషనో ఆగి, 'సిస్టమ్‌లో అలా చూపిస్తోంది' అన్న జవాబు వస్తే, వాళ్లతో పాటు మీరూ కౌంటర్ దాకా వెళ్లండి. ఏ వివరం చూసి ఆపారు, ఎందుకు ఆపారు, తప్పయితే ఎవరు దిద్దుతారు? ఈ మూడూ కాగితం మీద రాసి అడగండి.

అన్నట్టు, నల్ల మోటార్ సైకిల్ బట్టతల అన్నయ్యా, మీరు ఇది చదువుతుంటే ఒక మాట. ముందు ఆ బురద కడగండి. తర్వాత హెల్మెట్ పెట్టుకోండి. ఈసారి నా పేరు మీద తప్పించుకోలేరు.