ఈ సీటు ఎవరి కొలత?

మోటారుసైకిల్ మీద ఆడమనిషి కూర్చుంటుందని ఈ దేశపు చట్టానికి బాగా తెలుసు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది తీసి చూడండి. వెనక ఒకరు కూర్చునే ఏర్పాటున్న ప్రతి మోటారుసైకిల్‌కీ పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆధారం, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండి తీరాలి. ఆ అడ్డు ఎందుకంటే వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా. నియమం భాషలో ఆడా మగా అన్న మాట లేదు గానీ షోరూములో దాని పేరు శారీ గార్డ్. పక్కకి తిరిగి కూర్చునే ఆమె పాదాల కోసం ఎడమవైపు ఒక మడత పలక కూడా ఉంటుంది, దాని పేరు లేడీస్ ఫుట్‌రెస్ట్. అంటే వెనక కూర్చునే స్త్రీ కొంగు నుంచి పాదం దాకా ఎవరో కూర్చుని ఆలోచించారు. ఇనుము వంచారు, నియమం రాశారు, బండికి బిగించారు. అవసరమే, కాదనను.

మరి ముందు కూర్చునే స్త్రీ కోసం? ఒక్క అంగుళం కూడా కదల్చలేదు.

నా ఎత్తు ఐదడుగులు. సెంటీమీటర్లలో 152. చిన్నప్పటి నుంచీ 'పొట్టిది' అనిపించుకుంటూ పెరిగాను. తీరా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూస్తే మన దేశపు స్త్రీల సగటు ఎత్తు దాదాపు అంతే! నేను పొట్టిదాన్ని కాదు, సగటుదాన్ని. ఇక బండ్ల కొలతలు చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు నేల నుంచి 805 మిల్లీమీటర్లు. క్రూజర్లని పిలిచే బండ్లు, అంటే వెన్ను నిటారుగా పెట్టి, కాళ్ళు ముందుకు చాచి దూరాలు పోయేవి, కొంచెం నయం. 2020 నవంబరులో వచ్చిన మీటియోర్ 350 సీటు 765. బజాజ్ అవెంజర్ 220 క్రూజ్ సీటు 737. నా కాలు మడమ నుంచి తొడల మధ్య దాకా 27 అంగుళాలు, 690 మిల్లీమీటర్లు కూడా లేదు. పైగా సీటు వెడల్పు కాళ్ళను పక్కలకు తోసేస్తుంది కాబట్టి ఆ కాస్త పొడవూ నేల దాకా రాదు. మీటియోర్ బరువు 191 కిలోలు. దాన్ని బొటనవేలి కొస మీద నిలబెట్టి, కంకర రోడ్డు మీద ఎదురుగా వరికోత మిషన్ వస్తుంటే ఆగి చూడండి.

ఈ ఎత్తు ప్రకృతి ఇచ్చింది కాదు. ఎవరి కాలు ఆనాలో ఎవరో నిర్ణయించుకుని పెట్టిన కొలత ఇది. అందుకే నేను నా బండి సస్పెన్షన్ దింపించాను. దింపించిన దగ్గర నుంచీ వింటున్న మాటలకు జవాబుగా ఇది రాస్తున్నాను.

మాది ఎల్లారెడ్డిపేట, సిరిసిల్ల నుంచి కామారెడ్డి పోయే రోడ్డు మీద. నేను పాఠాలు చెప్పే మనిషిని. 2023 డిసెంబరు నుంచి మనకు ఆర్టీసీలో జీరో టికెట్ వచ్చింది. దాని మీద నేనూ తిరిగాను, ఇప్పటికీ తిరుగుతాను, దాన్ని వెక్కిరించేవాళ్ళతో పోట్లాడతాను కూడా. కానీ బస్సు మెయిన్ రోడ్డుది. బడి మానేసిన పిల్ల ఇల్లు వీర్నపల్లి వైపు తండాలో ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక అక్కడి నుంచి తిరిగి రావాలంటే ఎవరో ఒక మగవాడి బండి వెనక శారీ గార్డ్ పక్కన కాళ్ళు వేలాడేసుకుని రావాలి.

మా దగ్గర ఇంకో సంగతుంది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల... ఈ ప్రాంతమంతా దుబాయి, మస్కట్, కువైట్ పోయిన మగవాళ్ళ ఊళ్ళు. సెలవు మీద వచ్చినప్పుడు బండి కొంటారు, రెండు నెలలు తిరుగుతారు, మళ్ళీ పోతారు. బండి వాకిట్లో పట్టా కప్పుకుని ఉంటుంది. దాని తాళంచెవి ఆమె బీరువాలోనే ఉంటుంది. దాని కిస్తీ కట్టడానికి బ్యాంకుకు పోవాల్సింది కూడా ఆమే. పోయేదేమో ఆటోలో, లేదా మరిది బండి వెనక! బీడీలు చుట్టి, సాంచాల దగ్గర కండెలు చుట్టి పైసా పైసా కూడబెట్టే స్త్రీ, లక్షన్నర పైన విలువ చేసే బండిని వారానికోసారి తడిబట్టతో తుడుస్తుంది. అంతే సంబంధం. సాంచాలు మగవాళ్ళవి, కండెలు ఆడవాళ్ళవి అన్న పంపకం తెలిసిన ఊళ్ళకు ఇదేం కొత్త కాదు లెండి.

"స్కూటీ ఉంది కదా, అది మీకోసమే కదా" అంటారు. 2000ల మధ్య నుంచి మనకు అమ్మాయిల బండ్లంటూ ప్రత్యేకంగా వచ్చాయి. సరదా అంతా అబ్బాయిలకేనా అని మన తరఫున కంపెనీలే అడిగి, జవాబుగా మన చేతిలో ఒక చిన్న బండి పెట్టాయి. స్కూటర్ మీద నాకు చిన్నచూపు లేదు, లక్షల మంది స్త్రీలను గడప దాటించింది అదే. కానీ దాని చక్రం పది, పన్నెండు అంగుళాలది. మీటియోర్ ముందు చక్రం పంతొమ్మిది అంగుళాలు. మా రోడ్ల గుంతలకు ఆ తేడా బాగా తెలుసు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు స్త్రీలు వేలకు వేలుగా సైకిల్ నేర్చుకున్నారు. అక్కడ కొందరు లేడీస్ సైకిల్ కన్నా జెంట్స్ సైకిలే నయమన్నారట. ఎందుకంటే దానికున్న అడ్డకడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. 'మీకోసం' అని తయారుచేసిన వస్తువులో మన అవసరం ఉంటుందన్న నమ్మకమేమీ లేదు. అవసరం సంగతి అటుంచండి. నాకా బండి ఇష్టం. మగవాడు ఇష్టమని కొనుక్కున్నప్పుడు ఎవరూ కారణం అడగరు.

షోరూములో అడిగితే వారంటీ పోతుందన్నారు. "సారును తీసుకురండి మేడం, మాట్లాడతాం" అన్నారు. ఏ సారని అడిగాను. జవాబు లేదు.

మెకానిక్ మాత్రం వేరుగా మాట్లాడాడు. "మేడం, బండి దించుడంటె ఒక్కటి మారిస్తె అయిపోయేది కాదు. ఎనక దించితె ముందట లేస్తది. లైటు మీదికి కొడ్తది."

ఈ మాట మీద కాస్త ఆగాలి. ఎందుకంటే 'ప్రమాదం' అనే వాదమంతా ఇక్కడే ఉంది, దాన్ని తప్పించుకుని పోవడం నాకిష్టం లేదు. వెనక షాకబ్జర్లు తీసి అంగుళం పొట్టివి వేస్తే చక్రం దగ్గర అంగుళం దిగుతుంది. సీటు చక్రానికి ముందుంటుంది కాబట్టి అక్కడ అంత దిగదు. వెనక ఒక్కటే దిగితే ముందు ఫోర్కు ఇంకా వాలిపోయి హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. అందుకని ఫోర్కు గొట్టాల బిగింపులు వదులు చేసి, గొట్టాలను కొన్ని మిల్లీమీటర్లు పైకి జరపాలి. ఎక్కువ జరిపితే గుంతలో పడ్డప్పుడు మడ్‌గార్డు పోయి పైన కొట్టుకుంటుంది. బండి దిగింది కాబట్టి సైడ్ స్టాండు పొడవైపోతుంది. బండి వాలకుండా నిటారుగా నిలబడి, ఎవరి చెయ్యి తగిలినా అవతలికి పడుతుంది. స్టాండు కోయించి మళ్ళీ వెల్డింగ్ పెట్టించాలి. స్పీడ్ బ్రేకర్లకు బండి కడుపు తగులుతుంది. మలుపుల్లో ఇదివరకటంత వంచడానికి ఉండదు.

కొత్త షాకబ్జర్లెందుకు, ఉన్న స్ప్రింగే వదులు చేస్తే పోదా అన్నాను. "కూసున్నప్పుడు దిగుతది గని గుంతల పడ్డప్పుడు అడుగుకు గుద్దుకుంటది. నడుము పోతది మేడం. ముందుగాల సీటు కోపిద్దాం. ముందట సన్నగ చేస్తె కాళ్ళు సక్కగ దిగుతయి. సాలకపోతె అప్పుడు షాకబ్జర్లు."

ఆ వరసలోనే చేశాం. సీట్ల షాపులో స్పాంజి కోయించాం, చాలలేదు. షాకబ్జర్లు మార్చాం, ఫోర్కు జరిపాం, స్టాండు కోయించాం, లైటు దించాం. ఇప్పుడు నా పాదాల ముందు సగం రెండు వైపులా నేల మీద ఆనుతుంది. నాకది చాలు.

దింపితే ప్రమాదమేనా అంటే, తెలియనివాడు అరకొరగా చేస్తే ప్రమాదమే. కానీ కాలు ఆనని 191 కిలోలు ప్రమాదం కాదా? ఆ ప్రమాదం గురించి ఒక్క మగవాడూ నన్ను హెచ్చరించలేదు. 'నీకెందుకా బండి' అన్నారు, అంతే. బండి స్వభావం మారితే భద్రత గుర్తొస్తుంది, మనిషి పడిపోతే ఆడతనం గుర్తొస్తుంది! నిజంగా భద్రతే బాధయితే ఈ పని కంపెనీ చెయ్యాలి. చెయ్యడం తెలియక కాదు. అమెరికాలో హార్లీ డేవిడ్సన్ 1980ల చివర్లోనే స్పోర్ట్‌స్టర్‌లో 'హగ్గర్' అని సస్పెన్షన్, సీటు దింపిన రకాన్ని తానే తయారుచేసి అమ్మింది. మన దగ్గర 2023లో వచ్చిన హిమాలయన్ 450 సీటును 825, 845 అని రెండు ఎత్తుల్లో పెట్టుకోవచ్చు. అంతకన్నా కిందికి కావాలంటే వేరే సీటు కొనుక్కోవాలి. పొడుగువాడికి ఇరవై మిల్లీమీటర్లు బండితో పాటే వస్తాయి, పొట్టివాళ్ళకు విడి ఖర్చు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. ఆ పత్రంలో వీల్‌బేస్ ఉంటుంది, బరువు ఉంటుంది, సీటు ఎత్తుకు మాత్రం గడే లేదు. అసలు దాన్నొక వివరంగానే ఎవరూ అనుకోలేదన్నమాట. అదే చట్టంలో 'అడాప్టెడ్ వెహికల్' అని ఒక మాట ఉంది. శారీరక వైకల్యం ఉన్నవారి కోసం మార్చిన బండి అని దానర్థం. మనిషి శరీరాన్ని కాదు, వస్తువును సరిచెయ్యాలన్న సూత్రం అందులో ఉంది. నేనూ ఆ సూత్రాన్నే అడుగుతున్నాను. కానీ ఈ చట్టం దృష్టిలో ఉన్నవి రెండే శరీరాలు. ఒకటి వైకల్యం ఉన్నది, రెండోది బండికి సరిపోయేది. దేశపు సగటు స్త్రీ ఆ రెండింటిలో ఎక్కడుంది?

అన్నిటికన్నా నన్ను కష్టపెట్టిన మాట మనవాళ్ళ నుంచే వచ్చింది. హైదరాబాదులో యూనివర్సిటీలో పాఠం చెప్పే మిత్రురాలు, నేను గౌరవించే మనిషి, "ఆ బండే మగతనపు చిహ్నం కదా, దాన్నెక్కి ఏం సాధిస్తావు? దాన్ని తిరస్కరించాలి గానీ" అంది. నిజమే, తుపాకీలా తయారైందని చెప్పుకున్న కంపెనీ అది. తెలంగాణ పల్లెల్లో బుల్లెట్ చప్పుడంటే దొర కొడుకో, పోలీసో వస్తున్నాడని. మార్చి 8న చీరలు కట్టి, నల్లకళ్ళద్దాలు పెట్టి తీసే బుల్లెట్ ర్యాలీలంటే నాకూ చికాకే. 2021లో ఊరూరా మోగిన 'బుల్లెట్టు బండి' పాటలో కూడా పెళ్ళికూతురు అతని బుల్లెట్ ఎక్కి వస్తానంటుంది. అతని బండి, ఆమె రావడం. కానీ తిరస్కరించడానికి ముందు అందాలి కదా! అందనిదాన్ని వద్దనుకోవడం తిరస్కారం ఎలా అవుతుంది? 2025 ఫిబ్రవరిలో శివగంగ జిల్లాలో ఒక దళిత విద్యార్థి చేతుల మీద కత్తులతో దాడి చేశారు. బుల్లెట్ నడుపుతున్నాడన్న కోపంతోనేనని కుటుంబం ఫిర్యాదు చేసింది. ఆ చిహ్నానికి కాపలా కాసేవాళ్ళకు దాని విలువ తెలుసు. మనం సెమినార్లో దాన్ని కొట్టిపారేస్తే వాళ్ళకొచ్చే నష్టమేమీ లేదు.

2018లో జై భారతి, పియా బహదూర్‌తో సహా నలుగురు స్త్రీలు హైదరాబాదు నుంచి మెకాంగ్ నది దేశాల దాకా మోటారుసైకిళ్ళ మీద పోయారు. నాకు వాళ్ళంటే అపారమైన ఇష్టం. కానీ నా మాటకు జవాబుగా వాళ్ళను చూపించొద్దు. "చూశారా, తలచుకుంటే ఆడవాళ్ళూ నడపగలరు" అనడం అంటే భారమంతా మళ్ళీ స్త్రీ మీదే పెట్టి, ఆ సీటును అలాగే ఉంచడం. తలచుకోనక్కర లేకుండా, కూరగాయలకు పోయినట్టు పోగలగాలి.

మా వీధిలో ఒకామె ఉంది. భర్త మస్కట్‌లో. వాకిట్లో క్లాసిక్ 350. ఒక రోజు వచ్చి నా బండి మీద కూర్చుంది. రెండు కాళ్ళూ ఆనాయి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెల రోజులు మా ఇంటి వెనక ఖాళీ జాగాలో నేర్చుకుంది. భర్తకు వీడియో కాల్‌లో చెబితే నడపొద్దని అనలేదట, "షాకబ్జర్లకు చెయ్యి పెట్టకు, రేపు అమ్మితే రేటు రాదు" అన్నాడట. అత్త మాత్రం "బండి పాడైతదంట బిడ్డా, నువ్వు పడితె ఎట్లనో గది అడుగుతలేడు" అంది. ఆ ముసలమ్మకు ఏ సిద్ధాంతం చెప్పాలి మనం!

ఆమె షాకబ్జర్ల జోలికి పోలేదు. బీడీల పైసలతో రెండో సీటు కొని, దాన్ని మెకానిక్ చెప్పినంత మేర కోయించింది. 805 నుంచి ఎంత దిగిందో ఆమె కొలవలేదు. ఒక కాలు ఆనుతుంది, ప్రస్తుతానికి ఒకవైపే ఒరిగి ఆపుతోంది. కంపెనీ సీటును పాత చీరలో చుట్టి అటక మీద పెట్టింది. ఆయన దసరాకు వస్తాడు. వచ్చే ముందురోజు పాతది బిగించడానికి పదో నంబరు స్పానర్ చాలా అని నిన్న వచ్చి అడిగి పోయింది.