మందు కొట్టిన చేనుకు ఎర్రగుడ్డ కట్టండి

వరంగల్ చుట్టుపక్కల పత్తి, మిర్చి వేసే రైతన్నలకు, కూలీల మేస్త్రీలకు, ఆశ అక్కలకు, పురుగుమందుల దుకాణాల వాళ్లకు ఈ విజ్ఞప్తి.

గ్రహణం రోజు కడుపుతో ఉన్న కోడలిని గడప దాటనివ్వం. బొప్పాయి ముక్క నోట్లో పెట్టుకోబోతే అత్త చేతిలోంచి లాక్కుంటుంది. ఇంత జాగ్రత్త ఉన్న మనమే, నిన్న సాయంత్రం ప్రొఫెనోఫాస్ కొట్టిన చేనులోకి ఈ పొద్దున అదే కోడలిని కలుపు తీయడానికి పంపుతున్నాం. గ్రహణం బిడ్డను ఏమీ చేయదు. మందు చేస్తుందని అనుమానించడానికి మాత్రం గట్టి కారణాలున్నాయి.

‘మందు కొట్టేది మగవాళ్లే కదా’ అంటారు. గట్టు మీద కాసేపు నిలబడి చూడండి. డ్రమ్ములోకి నీళ్లు మోసేది ఆమె. సీసా మూత విప్పి, కొలిచి పోసి, కట్టెతోనో, కట్టె దొరక్కపోతే చేత్తోనో కలిపేది ఆమె. తైవాన్ పంపు ఖాళీ అయినప్పుడల్లా నింపి ఇచ్చేదీ ఆమే. సాయంత్రం తడిసిన చొక్కా, లుంగీ ఉతికేది ఎవరో చెప్పక్కర్లేదు. మర్నాడు పత్తి నడుముదాకా ఎదిగిన సాళ్లలో మంచుకు తడిసిన ఆకులు చీరకు, చేతులకు, పొట్టకు రాసుకుంటూ ఉంటే సాయంత్రం దాకా అలాగే వంగి పని చేస్తుంది. 2003లో ఉమ్మడి రాష్ట్రంలోని పత్తి పల్లెల్లో చేసిన ఒక అధ్యయనంలో తేలింది ఇదే: మందు కలిపి పంపులు నింపే ఆడవాళ్లకూ కొట్టే మగవాళ్లంత ప్రమాదం ఉంది.

ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు ఊపిరి నుంచే కాదు, చర్మంలోంచి కూడా ఒంట్లోకి దిగుతాయి. మాయ వాటిని ఆపలేదు. పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తంలోనే అవి దొరికాయి. వాటిని విరగ్గొట్టే శక్తి తల్లికి ఉన్నంతగా గర్భంలోని బిడ్డకు ఉండదు.

ఈ విషయంలో బాగా తెలిసిన లెక్క మన చేలది కాదు, న్యూయార్క్‌ది. అక్కడ అపార్ట్‌మెంట్లలో బొద్దింకలకు ఇదే రకానికి చెందిన క్లోరిపైరిఫాస్, డయాజినాన్ చల్లేవారు. కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు గర్భిణులను, వాళ్ల బిడ్డలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. బొడ్డుతాడు రక్తంలో ఈ మందులు ఎక్కువగా ఉన్న పిల్లలు, అవి అసలు కనబడని పిల్లలకంటే సగటున 186 గ్రాములు తక్కువ తూగారు. ఇళ్లలో వాడకం ఆపించడం మొదలుపెట్టాక, 2001 జనవరి తర్వాత పుట్టిన పిల్లల్లో ఆ మందుల జాడ బాగా తగ్గింది, బరువులో ఆ తేడా కూడా కనబడలేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ రెండో సంగతే.

186 గ్రాములు ఒక లెక్కా అనుకోవద్దు. రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు బిడ్డ కింద రాస్తారు. 2,600 గ్రాములు తూగాల్సిన పాపలోంచి అంత తీసేస్తే ఆ గీత దాటి కిందికి పోతుంది. అలాంటి బిడ్డకు ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, పాలు తాగే ఓపిక తక్కువ, జబ్బులు త్వరగా అంటుకుంటాయి.

అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పలేదు. కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయలో వ్యవసాయ కూలీల కుటుంబాల్లో బరువు తగ్గడం కనబడలేదు. నెలలు నిండకముందే కాన్పు వైపు మొగ్గు కనబడింది. పైగా మన దగ్గర చిన్న బిడ్డ పుట్టడానికి రక్తహీనత, చాలీచాలని తిండి, చిన్న వయసు పెళ్లి ఇప్పటికే ఉన్నాయి. మందు వాటికి తోడవుతుంది. వాటన్నిటిలో రేపటి నుంచే పైసా ఖర్చు లేకుండా తగ్గించగలిగింది మాత్రం ఇదొక్కటే.

1997 నుంచి 2002 వరకు వరంగల్ ప్రభుత్వాసుపత్రిలో పురుగుమందు కేసులు 8,040 చేరాయి, నూటికి 22 మందికి పైగా బతకలేదు. వాళ్లలో అత్యధికులు తాగినవాళ్లు. తాగిన మందుకు ఆసుపత్రిలో లెక్క ఉంటుంది. రోజుకింత ఒంటికి పట్టిన మందుకు ఉండదు.

అసలు చిక్కు ఇంకోటి. నీళ్లు పోసుకున్న సంగతి మూడో నెల దాకా బయటికి చెప్పరు. మొదటి వారాల్లో ఆమెకే తెలియదు. బిడ్డ గుండె, మెదడు రూపు దిద్దుకునేది అప్పుడే. అందుకే ‘గర్భిణులు రావద్దు’ అంటే సరిపోదు. మందు కొట్టిన చేను మూలన కట్టెకు ఎర్రగుడ్డ కట్టండి. కనీసం మూడు రోజులు, లేబుల్ మీద అంతకంటే ఎక్కువ రాసి ఉంటే అన్ని రోజులు, కూలీలెవరినీ దింపకండి. మేస్త్రీలు అడగాల్సింది ఒక్క మాటే: ‘ఎప్పుడు కొట్టిండ్రు?’ పిల్లల కోసం చూస్తున్న ఆడబిడ్డ, కడుపుతో ఉన్న ఆడబిడ్డ మందు కలపకూడదు, ఆ బట్టలు ముట్టకూడదు. ఉతుక్కోవడం కొట్టినవాడి పని. కొంచెం సిగ్గుపడినా ఫర్వాలేదు. కూలి పోతుందన్న భయంతోనే ఆమె నోరు మూసుకుంటుంది కాబట్టి ఆమెకు వేరే పని చూపండి, కూలి కోయకండి.

ఆశ అక్కా, గర్భిణి పేరు రాసుకునేటప్పుడు బీపీ, రక్తంతో పాటు ‘ఏ చేనులో చేస్తున్నవ్ చెల్లె?’ అని కూడా అడుగు. దుకాణం అన్నా, రెండు మూడు మందులు కలిపి కొట్టమని చెప్పే ముందు ఆ డబ్బాల మీది రంగు త్రికోణం చూపించు, ఎరుపు ఉంటే అది అత్యంత విషమని విడమరిచి చెప్పు. 2021లో నల్ల తామర పురుగు మిర్చిని ముంచినప్పుడు మనవాళ్లు ఎన్ని మందులు కలిపి కొట్టారో నీకు తెలుసు.

మందు లేకుండా పంట రాదనేవాళ్లు ఒకసారి ఏనబావి వెళ్లి రండి. లింగాల ఘనపురం మండలం, ఒకప్పుడు మన జిల్లానే, ఇప్పుడు జనగామ. ఊరు ఊరంతా పురుగుమందులూ రసాయన ఎరువులూ మానేసి ఇరవై ఏళ్ల దగ్గరికొచ్చింది.

చేనులో ఎవరికైనా నోట్లో నీళ్లూరి, చెమటలు పట్టి, చూపు మసకబారి, వాంతులైతే నీడన పడుకోబెట్టి ఊరుకోకండి. తడి బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్లు కడిగి, 108కి ఫోన్ చేయండి. కడుపుతో ఉంటే ఆ మాట ముందే చెప్పండి. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు త్వరగా వైద్యం మొదలుపెట్టగలడు.