మూడు నిమిషాల మైకు

ఫస్టియర్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అని ఒక సబ్జెక్ట్ ఉంటుంది కదా. క్రెడిట్లు ఉండవు, పాసైతే చాలు, అందుకే ఎవరూ చదవరు. అందులో అసైన్‌మెంట్‌కి తలా ఒక అంతర్జాతీయ ఒప్పందం ఇచ్చారు. పారిస్, క్యోటో లాంటివి ముందు రోల్ నంబర్ల వాళ్ళకి పోయాయి. నా వంతుకి ‘ఎస్కాజు’ వచ్చింది. మొదట స్పెల్లింగ్ తప్పేమో అనుకున్నా. ఎన్ని మార్కులు వచ్చాయో ఇప్పుడు గుర్తులేదు గానీ ఆ ఒప్పందం మాత్రం బుర్రలోంచి పోలేదు. (నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు. తప్పులుంటే ఎడిటర్ గారు దిద్దుకోవాలి.)

ఎస్కాజు కోస్టారికాలో ఒక ఊరు. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాలు 2018 మార్చి 4న అక్కడ దీన్ని ఆమోదించాయి. 2021 ఏప్రిల్ 22 నుంచి అమల్లోకి వచ్చింది. మన ఊరి నది మీద డ్యామ్ కడతామంటే ఆ కాగితాలు చూసే హక్కు, నిర్ణయం కాకముందే మాట్లాడే హక్కు, అన్యాయం జరిగితే కోర్టుకెళ్ళే హక్కు మనకుండాలి అంటుంది. పర్యావరణం కోసం పోరాడేవాళ్ళని ప్రభుత్వాలు కాపాడాలని విడిగా రాసుకున్న మొదటి ఒప్పందం కూడా ఇదే. ఆ మాట ఊరికే రాలేదు. గువాల్‌కార్కే నది మీద డ్యామ్ వద్దని లెంకా ఆదివాసీలతో కలిసి పోరాడిన బెర్తా కాసెరెస్‌ని 2016 మార్చిలో, హోండురాస్‌లో, ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు.

అసైన్‌మెంట్ రాస్తూ నేను ఆగిపోయింది మాత్రం వేరే చోట. ఈ ఒప్పందం రాయడానికి దేశాల ప్రతినిధులు తొమ్మిది సార్లు సమావేశమయ్యారు. ఆ గదిలో వాళ్ళతో పాటు ‘ప్రజల ప్రతినిధులు’ కూడా ఉన్నారు. ఎవరో నామినేట్ చేసినవాళ్ళు కాదు. ఆసక్తి ఉన్నవాళ్ళు ముందే పేర్లు నమోదు చేసుకున్నారు, ఆన్‌లైన్‌లో ఓట్లు వేసి 2015లో మొదటిసారి ఆరుగురిని ఎన్నుకున్నారు. ఇద్దరు ముఖ్యులు, నలుగురు ప్రత్యామ్నాయం. వాళ్ళు మాట్లాడొచ్చు, ఫలానా వాక్యం ఇలా మార్చండి అనొచ్చు. ఓటు మాత్రం లేదు, తుది నిర్ణయం దేశాలదే.

ఇది చదివేసరికి నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

అమ్మమ్మ వాళ్ళది పల్నాడు వైపు ఊరు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఊరి పక్కన సున్నపురాయి గని పెంచుతామని ఒక కంపెనీ వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా, వాటర్ ప్యాకెట్లు, వీడియో కెమెరా, చుట్టూ పోలీసులు. ఒక్కొక్కరికి మూడు నిమిషాల మైకు. అమ్మమ్మ లేచి, “అయ్యా, మీ గుంట లోతుకి పోయి మా బావి ఎండిపోతే నేను ఎవర్నడగాలి?” అంది. “నోట్ చేసుకున్నామమ్మా, కూర్చోండి” అన్నారు. కూర్చుంది. అంతే.

దానికి వారం ముందు ఊళ్ళో వాళ్ళు ఆ కంపెనీ రిపోర్టు నా చేతిలో పెట్టారు, ఇంగ్లీష్ చదువుకున్న పిల్ల కదా అని. తెలుగులో సారాంశం పది పేజీలు కూడా లేదు. అసలు రిపోర్టు వందల పేజీలు, మొత్తం ఇంగ్లీష్. అందులో ‘ఫ్యూజిటివ్ డస్ట్’ అని ప్రతి పేజీలో ఉంది. నేను చాలా సీరియస్‌గా ‘పారిపోయే దుమ్ము’ అని చెప్పా. అరుగు మీద అందరూ ఒకటే నవ్వు. మా మామయ్య, “పారిపోతే మంచిదేగా, మరి మా మిరప తోట మీదే ఎందుకు పడతది?” అన్నాడు. అప్పుడు నేనూ నవ్వాను గానీ, ఊరి భవిష్యత్తు పదహారేళ్ళ పిల్ల ట్రాన్స్‌లేషన్ మీద ఆధారపడటం తల్చుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. ఎస్కాజులో దీనికీ ఒక నిబంధన ఉంది. ప్రభావం పడే జనం వేరే భాష మాట్లాడేవాళ్ళైతే, వాళ్ళకి అర్థమై, పాల్గొనేలా అధికారులే ఏర్పాటు చెయ్యాలట.

మన దగ్గర 2006 నోటిఫికేషన్ ప్రకారం ఆ సభ మినిట్స్, వీడియో నిపుణుల కమిటీకి వెళ్తాయి. ఆ కమిటీ ముందుకి వచ్చి వివరణ ఇచ్చుకోమని కంపెనీని పిలవాలని అదే నోటిఫికేషన్‌లో రాసి ఉంది. ఊరివాళ్ళని పిలవాలని లేదు. అంటే కంపెనీ మనిషి వెళ్తాడు, అమ్మమ్మ బదులు ఆమె వీడియో వెళ్తుంది. కమిటీలో ఎవరైనా “బావుల సంగతేంటి?” అని అడిగితే జవాబు చెప్పేది కంపెనీయే. “అయ్యా, ఆ బావులు వీళ్ళ మ్యాప్‌లోనే లేవు” అని చెప్పే మనిషి ఆ గదిలో ఉండడు. నాకు కావాల్సింది ఆ మనిషి. ప్రభావం పడే ఊళ్ళు ఎన్నుకున్న ఇద్దరు, ఆ కమిటీ గదిలో, మొదటి నుంచి చివరి దాకా.

ఇది చెప్తే నా రూమ్మేట్, “ఓటు లేని కుర్చీ ఏం చేసుకుంటావే?” అంది. న్యాయమైన ప్రశ్నే. కానీ మైకు పట్టుకున్న మనిషి మూడు నిమిషాలకి ఇంటికెళ్ళిపోతుంది. కుర్చీలో ఉన్న మనిషి డ్రాఫ్ట్ చూస్తుంది, వచ్చే మీటింగ్‌కి మళ్ళీ వస్తుంది, “పోయినసారి ఇలా అన్నారు కదా” అంటుంది. బయటికొచ్చి లోపల ఏం జరిగిందో ఊళ్ళో చెప్తుంది. నోట్ చేసుకున్నామని ఆమెని కూర్చోబెట్టడం కష్టం, ఆల్రెడీ కూర్చునే ఉంది కాబట్టి.

సర్పంచ్ ఉన్నాడు, ఎమ్మెల్యే ఉన్నాడు, మళ్ళీ ఇంకో ఎన్నికా అనొచ్చు. వాళ్ళని మనం రోడ్డు, పెన్షన్, కులం, పార్టీ ఇలా వంద లెక్కలు చూసుకుని ఎన్నుకుంటాం. బావి గురించి ఎప్పుడూ ఓటెయ్యలేదు.

అసలు చిక్కు ఇంకోటి. మా ఊళ్ళో ఇలాంటి ఎన్నిక పెడితే పది లారీలున్న ఆయనే నిలబడతాడు, ఆయనే గెలుస్తాడు. ఆ లారీలు తిరిగేది గనికే! కాబట్టి కంపెనీతో వ్యాపారం ఉన్నవాళ్ళు నిలబడకూడదని రాయాలి. రాసినా బామ్మర్దిని నిలబెడతాడు, తెలుసు. ఆన్‌లైన్ ఓటింగ్ అయితే ఇంకో గొడవ. నదికి దగ్గరగా ఉండేవాళ్ళకి సిగ్నల్ ఉండదు, సిగ్నల్ ఉన్నవాళ్ళు నదికి దూరంగా ఉంటారు. లాటిన్ అమెరికాలో ఆన్‌లైన్‌లో పెట్టిన ఎన్నికకి కూడా ఈ ప్రశ్న తప్పదు. రిజిస్ట్రేషన్ ఫారంలో ఈమెయిల్ కాలమ్‌కి పక్కన ఆ ఎర్ర చుక్క పెట్టామంటే అక్కడే మా అమ్మమ్మ ఓటు పోయినట్టు. సీఎస్ఈ వాళ్ళం, ఆ చుక్కలు పెట్టేది మనమే.

ఎస్కాజుని నెత్తిన పెట్టుకోమని నేననట్లేదు. ఒప్పందానికి ఊరిచ్చిన కోస్టారికాయే దాన్ని 2023లో పార్లమెంటులో పక్కన పెట్టేసింది. ఒప్పందంలో చేరిన కొలంబియాలో పర్యావరణ కార్యకర్తల హత్యలు ఆగలేదు. అయినా ఆ గదిలో ఆరుగురికి చోటు ఇవ్వడం జరిగిన పని. ఇక్కడ కుదరదు అనేవాళ్ళు ఎందుకు కుదరదో చెప్పాలి.

దసరాకి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ మళ్ళీ అడిగింది, ఆ నోట్ చేసుకున్నది ఏమైందే అని. ఫోన్‌లో వెతికితే మినిట్స్ పీడీఎఫ్ దొరికింది. ఆమె ప్రశ్న అందులో ఉంది, ఒకటిన్నర లైను, ఇంగ్లీష్‌లో. చదివి తెలుగులో చెప్పా. “నేనింత చిన్నగా అడగలేదే” అంది.

‘ఫ్యూజిటివ్ డస్ట్’కి మంచి తెలుగు మాట ఎవరికైనా తడితే క్లబ్ మెయిల్‌కి పంపండి. మామయ్యకి చెప్పాలి.