కోత ముందు, లెక్క తర్వాత

కోరుట్లలో బీడీలు చేసే మహిళ ఏడాది సంపాదన మీద ఆదాయ పన్ను పడదు. కొత్త విధానంలో 4 లక్షల రూపాయల దాకా పన్నే లేదు. రిబేటు కలుపుకుంటే 2025–26 నుంచి 12 లక్షల దాకా పైసా కట్టే పని లేదు. పొద్దంతా చాట ముందు కూర్చున్నా, ఒక్క కార్డు మీద తల్లీ కూతుళ్లిద్దరూ చేసినా, ఆకు తక్కువ పడితే సొంత డబ్బుతో కొని నింపినా, వెయ్యి బీడీలకు ఇంతని వచ్చే కూలి ఆ గీత దరిదాపులకు కూడా రాదు. అయినా ఆమె పీఎఫ్ డబ్బులోంచి ఆదాయ పన్ను పేరిట అయిదో వంతు కోసుకునే వీలు మన చట్టంలో ఉంది. సామాన్య కార్మికుల నుంచి ఆదాయ పన్ను ఎలా వసూలు చేయాలన్న చర్చ ఎప్పుడూ రేట్ల చుట్టూ, శ్లాబుల చుట్టూ తిరుగుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో కూలి మీద బతికేవారిని దెబ్బతీస్తున్నది రేటు కంటే వసూలు చేసే పద్ధతే.

ఈ పీఎఫ్ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఇంట్లో కూర్చుని బీడీలు చేసేవాళ్లు కార్మికులే కారని కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. 1977లో పీఎఫ్ పథకాన్ని బీడీ పరిశ్రమకు వర్తింపజేశారు. ఇళ్లలో పనిచేసేవారికీ అది వర్తిస్తుందని పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు 1985లో తేల్చింది. ఆ తర్వాతే ఆడవాళ్ల పేరు మీద నాలుగు రూపాయలు జమ కావడం మొదలైంది. బిడ్డ పెళ్లికో, ఇంటి స్లాబుకో, ఆపరేషన్‌కో పనికొచ్చే సొమ్ము వాళ్లకు అదొక్కటే.

2015 జూన్ నుంచి పీఎఫ్ విత్‌డ్రాయల్ మీద టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే పన్ను కోసుకునే పద్ధతి, పెట్టారు. అయిదేళ్ల నిరంతర సర్వీసు నిండకుండా 50 వేలు, అంతకు మించి తీసుకుంటే పాన్ ఉన్నవారికి 10 శాతం కోత పడుతుంది. పాన్ లేనివారికి మొదట్లో పీఎఫ్ సంస్థ ఏకంగా 34.608 శాతం కోసేది. అది దేశంలో అత్యధిక ఆదాయ వర్గానికి వేసే రేటు. 2023 బడ్జెట్‌లో దాన్ని 20 శాతానికి తగ్గించారు. ఒక మహిళ ఖాతాలో 80 వేలు ఉన్నాయనుకుందాం. పాన్ ఉంటే 8 వేలు, లేకపోతే 16 వేలు పోతాయి. ఆమె నిజంగా కట్టాల్సిన పన్ను సున్నా.

అయిదేళ్లు దాటితే కోత లేదు కదా అనవచ్చు. సర్వీసు నిరంతరంగా ఉన్నట్టు రికార్డులో కనపడాలి కదా. కంపెనీ తరఫున ఆకు ఇచ్చే ఒక టేకేదారు దగ్గర మానేసి ఇంకో కంపెనీ బీడీలు చేస్తే కొత్త ఖాతా తెరుస్తారు. పాత ఖాతా దానిలో కలవదు. పెళ్లికి ముందు ఖార్ఖానాలో రాయించుకున్న ఇంటిపేరు ఒకటి, ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు ఇంకొకటి. పుట్టిన తేదీ ఒకచోట జనవరి 1 అని ఉంటుంది, ఇంకోచోట మరొకటి. పదిహేనేళ్లు బీడీలు చేసిన మనిషి కంప్యూటర్‌లో మూడేళ్ల కార్మికురాలిగా కనిపిస్తుంది. కార్మికుడి చేతిలో లేని కారణంతో పని ఆగిపోతే కోత ఉండకూడదని కూడా చట్టంలో రాశారు. కంపెనీయే ఆకు పంపడం మానేసిందన్న రుజువు ఈ మహిళ ఎవరి దగ్గరికి వెళ్లి తెచ్చుకోవాలి?

పన్ను పడని వారి కోసం ఏళ్లుగా 15జి అనే పత్రం ఉంటూ వచ్చింది. నా ఆదాయం మీద పన్ను లేదు, కోయకండి అని రాసి ఇచ్చే కాగితం అది. దాని మీద పాన్ నంబరు లేకపోతే చెల్లదు. పాన్ ఉన్నా ఆధార్‌తో కలపకపోతే 2023 జూలై 1 నుంచి పనిచేయని పాన్ కింద లెక్క. కలపాలంటే వెయ్యి రూపాయల రుసుము కట్టాలి. బీడీలు చేసే చాలామందికి అది నాలుగైదు రోజుల కూలి. కట్టకపోతే కోత పెద్ద రేటుకు పెరుగుతుంది. ఆ పాన్ మీద రీఫండ్ ఇవ్వరు, ఆగిన కాలానికి వడ్డీ కూడా లెక్కించరు. ఏ పన్నూ ఎగ్గొట్టని మనిషి మీద ఇన్ని జరిమానాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

రిటర్ను వేసి తిరిగి తీసుకోవచ్చు కదా అంటారు చదువుకున్నవాళ్లు. డిసెంబరు 31 లోపు రిటర్ను వేయాలి. అందుకు పాన్ సరిగా ఉండాలి, ఫోన్ నంబరు ఆధార్‌కు కలిసి ఉండాలి, బ్యాంకు ఖాతాలో పేరు అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి, వేసిపెట్టినవారికి ఫీజు ఇవ్వాలి. ఇంత తిరిగి ఎనిమిది వేలు రాబట్టుకునేవాళ్లు ఎందరుంటారు? అడగని డబ్బు సర్కారు దగ్గరే ఉండిపోతుంది.

సిరిసిల్లలో ఇదే కథ మరో తీరుగా నడుస్తుంది. అక్కడ మరమగ్గాలను సాంచాలు అంటారు. యజమాని నూలు భీములు ఇస్తాడు. ఆసామి తన సాంచాల మీద బట్ట నేయించి అప్పగిస్తాడు. కరెంటు బిల్లు, కార్మికుల కూలి, మరమ్మతులు అన్నీ ఆసామి నెత్తినే. చాలామంది ఆసాములు తాము కూడా రాత్రి షిఫ్టులో సాంచాల మధ్య నిలబడేవాళ్లే. పన్ను చట్టం దృష్టిలో మాత్రం ఆసామి కాంట్రాక్టర్. టర్నోవరు కోటి దాటిన యజమాని గానీ, కంపెనీ, సొసైటీ గానీ ఆయనకు చెల్లించే ఒక్క బిల్లు 30 వేలు మించినా, ఏడాది మొత్తం లక్ష దాటినా 1 శాతం కోసి మిగిలింది ఇవ్వాలి. పాన్ లేకపోతే ఇక్కడా 20 శాతమే.

ఒక్క శాతమే కదా అనిపించవచ్చు. కోత పడేది ఆసామికి మిగిలిన దాని మీద కాదు, చేతికొచ్చిన మొత్తం మీద. ఏడాదికి 8 లక్షల కూలి బిల్లులు వస్తే 8 వేలు పోతాయి. ఆ 8 లక్షల్లో కార్మికుల కూలి, కరెంటు పోను ఎంత మిగులుతుందో సిరిసిల్లలో ఎవరినడిగినా చెప్తారు. చిన్న వ్యాపారుల కోసం పెట్టిన అంచనా ఆదాయ పద్ధతి ప్రకారం చూసినా, 8 శాతం లెక్కన ఆయన ఆదాయం 64 వేలు. పన్ను సున్నా. దక్షిణాదిలో ఒకప్పుడు మోతర్ఫా కింద నేతగాడి సంపాదన చూడకుండా మగ్గానికింతని పన్ను వేసేవారు. మిగులు ఎంతో అడగకుండా మొత్తం బిల్లు మీద కోయడం ఆ పాత పద్ధతికి దగ్గరి చుట్టమే. రాష్ట్ర ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లు 2017లో మొదలయ్యాక సాంచాలకు కొన్నేళ్లు చేతినిండా పని దొరికింది, ఆ తర్వాత ఆర్డర్లు ఆగి కష్టకాలమూ వచ్చింది. ఆర్డరు లేని నెలల్లో కూలీలకు అడ్వాన్సు ఇవ్వడానికి ఆసామి వడ్డీకి తెచ్చేది ఇలాంటి ఎనిమిది వేలే.

గల్ఫ్ సంగతి ముక్తసరిగా చెప్తాను. జగిత్యాల జిల్లాలో గల్ఫ్‌కు మనిషి పోని ఊరు అరుదు. దుబాయిలో, సౌదీలో, ఖతార్‌లో జీతం మీద ఆదాయ పన్ను లేదు. ఒమన్ ఒక్కటి 2028 నుంచి ఏడాదికి 42 వేల రియాల్‌లు దాటిన ఆదాయం మీద 5 శాతం వేస్తానంది. ఆ గీత మనవాళ్లలో దాదాపు ఎవరికీ అందేది కాదు. అక్కడ సంపాదించిన కూలి మీద ఇక్కడ పన్ను వేయబోమని 2020 బడ్జెట్ గందరగోళం తర్వాత కేంద్రం కూడా స్పష్టం చేసింది. ఊళ్లో బ్యాంకులో దాచిన డబ్బు దగ్గరే తేడా వస్తుంది. ప్రవాసుల కోసం ఉన్న ఎన్‌ఆర్‌ఈ ఖాతా వడ్డీకి పన్ను లేదు. అదే డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో ఉంటే వడ్డీలో 30 శాతం, పైన సెస్సు, మొదటి రూపాయి నుంచే కోస్తారు. ఈ రెండు ఖాతాల తేడా ఫ్లైటెక్కే ముందు ఎవరూ చెప్పరు.

ఇక రాష్ట్రం వసూలు చేసే వృత్తి పన్ను. సంపాదన మీద సామాన్యులు నిజంగా కడుతున్న పన్ను ఇదొక్కటే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తెలంగాణలో నెల జీతం 15 వేలు దాటితే 150 రూపాయలు, 20 వేలు దాటితే 200. జగిత్యాలలో బట్టల షాపులో 16 వేలకు పనిచేసే సేల్స్‌మన్ ఏడాదికి 1,800 కడతాడు. నెలకు 2 లక్షలు తీసుకునే అధికారి 2,400 కడతాడు. ఒకరికి సంపాదనలో దాదాపు 0.94 శాతం, మరొకరికి 0.1 శాతం. రాజ్యాంగంలోని 276వ అధికరణ 1988 నుంచి ఏడాదికి 2,500 మించకూడదని పరిమితి పెట్టింది కాబట్టి పైవారి మీద వంద రూపాయలకు మించి పెంచలేరు. కింది గీతను పైకి జరపడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. 12 లక్షల దాకా ఆదాయ పన్ను లేదని కేంద్రం చెప్తున్న రోజుల్లో ఏడాదికి రెండు లక్షలు కూడా లేని షాపు ఉద్యోగి దగ్గర రాష్ట్రం నెలనెలా పన్ను తీసుకోవడం సమర్థించలేనిది.

ఇంతకీ జీతంలోంచి నెలనెలా పన్ను మినహాయించుకోవడం తప్పా? కాదు. అమెరికా 1943లో, బ్రిటన్ 1944లో యుద్ధ ఖర్చుల ఒత్తిడిలో ఈ పద్ధతిని కార్మిక వర్గం దాకా విస్తరించాయి. మన దేశంలో అంతకు ఎంతో ముందే 1886 చట్టం నుంచి జీతాల మీద ఇది ఉంది. ఏడాది చివర ఒకేసారి కట్టమంటే సామాన్య ఉద్యోగి కట్టలేడు. సర్కారు బడి టీచరు విషయంలో ఇది సరిగ్గానే పనిచేస్తుంది. ఏడాదికి ఆమె జీతం ఎంతో జీతమిచ్చేవారికి తెలుసు. పన్ను ఎంత పడుతుందో ముందే లెక్కగట్టి పన్నెండు నెలలకు పంచుతారు. పన్ను పడకపోతే కోయరు. అక్కడ లెక్క ముందు, కోత తర్వాత. నేను అడిగేది ఆ వరసనే కూలివాడికీ వర్తింపజేయమని.

జీతగాళ్లకు కూడా ఒక అన్యాయం జరుగుతోంది. ప్రైవేటు యాజమాన్యం జీతంలో కోసి ఖజానాకు కట్టకపోతే ఆ పన్ను ఉద్యోగిని అడగకూడదని 1961 చట్టం 205వ సెక్షన్‌లోనే చెప్పారు. వాస్తవంలో మాత్రం ఆన్‌లైన్ ఖాతాలో ఆ జమ కనపడదు కాబట్టి కట్టమంటూ నోటీసు ఉద్యోగికే వస్తుంది. పే స్లిప్పు పట్టుకుని తాను దోషిని కానని అతనే నిరూపించుకోవాలి. కోసినవాడి వెంట పడాల్సిన శాఖ, కోయించుకున్నవాడి వెంట పడకూడదు.

కోత ఎత్తేస్తే దుర్వినియోగం జరుగుతుందన్న అభ్యంతరంలో కొంత నిజముంది. హైదరాబాద్‌లో పెద్ద జీతం తీసుకుని మూడేళ్లకే మానేసి పీఎఫ్ తీసుకునేవారు పన్ను కట్టాల్సిందే. అలాంటివారినీ బీడీ కార్మికురాలినీ విడదీయడానికి 15జి అక్కర్లేదు. నెలనెలా ఎంత కూలి మీద ఎంత చందా జమ అయిందో పీఎఫ్ సంస్థ దగ్గర ఉంది. ఆమె ఏడాది సంపాదన ఆదాయ పన్ను శాఖకంటే ఆ సంస్థకే బాగా తెలుసు. ఆ కూలి పన్ను గీతకు కింద ఉంటే కోత వద్దు, పైన ఉంటే కోయండి. పాన్ లేదన్న సాకు కూడా నిలవదు. పాన్ బదులు ఆధార్ చూపవచ్చని 2019లోనే చట్టంలో చేర్చారు. ఆధార్ ఇచ్చిన మనిషిని పాన్ లేని మనిషిగా చూడటం దేనికి?

పొరపాటున కోసినదాన్ని తిరిగి ఇవ్వడం కూడా సర్కారు పనే కావాలి. న్యూజిలాండ్‌లో జీతగాళ్ల లెక్కను 2019 నుంచి పన్ను శాఖే తేల్చి, ఎక్కువ కోసి ఉంటే అడగకుండానే ఖాతాలో వేస్తోంది. మన దగ్గరా 75 ఏళ్లు నిండిన, పెన్షన్, వడ్డీ తప్ప మరో ఆదాయం లేని వృద్ధులకు 2021 నుంచి బ్యాంకే లెక్కగట్టి, రిటర్ను వేసే బాధ తప్పిస్తోంది. పెద్ద వయసు వారికి సాధ్యమైనది చిన్న కూలి వారికి ఎందుకు కాదు? బీడీ కార్మికులకు రాష్ట్రం ఇచ్చే పింఛను ఏ రిటర్నూ అడక్కుండా నెలనెలా చేరుతోంది. ఇవ్వదలచుకుంటే ఖాతా ఎక్కడుందో ప్రభుత్వాలకు తెలుసు.

అడిగితే మార్పు వస్తుందనడానికి ఈ మధ్యే ఒక ఉదాహరణ ఉంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త ఆదాయ పన్ను బిల్లులో గడువు దాటి రిటర్ను వేస్తే రీఫండ్ రాదన్న నిబంధన పెట్టారు. బైజయంత్ పండా అధ్యక్షతన పరిశీలించిన సెలెక్ట్ కమిటీ దాన్ని తీసేయమంది. ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన బిల్లులో ఆ నిబంధన లేదు. కొన్ని వర్గాలకు, కొన్ని చెల్లింపులకు నోటిఫికేషన్‌తోనే కోత మినహాయించే అధికారం 1961 చట్టం 197ఎ నుంచే కేంద్రానికి ఉంది, అంటే పార్లమెంటు దాకా కూడా పోనవసరం లేదు. జగిత్యాల, కోరుట్ల నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఉన్నాయి, సిరిసిల్ల కరీంనగర్‌లో. ఆ ఇద్దరు ఎంపీలు కలిసి ఆర్థిక మంత్రికి రెండు విషయాలు రాయాలి: పీఎఫ్ రికార్డులో ఏడాది కూలి పన్ను గీతకు కింద ఉన్న బీడీ, మరమగ్గాల కార్మికుల విత్‌డ్రాయల్ మీద కోత ఆపడం, అంచనా ఆదాయ పద్ధతిలో పన్ను పడని ఆసాముల కూలి బిల్లుల మీద 1 శాతం వదిలేయడం. వృత్తి పన్ను గీత జరపడం హైదరాబాద్‌లో, మన శాసనసభ్యుల చేతిలో ఉంది.