ఇంటింటికీ చల్లదనం... అమరావతిలో గిట్టుబాటేనా?

గుంటూరు: శీతల దేశాల్లో ఒకేచోట కాచిన వేడినీటిని గొట్టాల ద్వారా ఇంటింటికీ పంపుతారు. ఎండలు మండే మన ప్రాంతంలో అదే పద్ధతిన చల్లని నీటిని సరఫరా చేయాలన్న ఆలోచన అమరావతిలో 2019లోనే రూపుదిద్దుకుంది. అసెంబ్లీ, హైకోర్టు, సచివాలయం వంటి భవనాల కోసం 20 వేల టన్నుల శీతలీకరణ సామర్థ్యంతో తబ్రీద్ సంస్థ, సీఆర్‌డీఏ ఆ ఏడాది ఫిబ్రవరిలో 30 ఏళ్ల ఒప్పందం కుదుర్చుకున్నాయి. ప్రభుత్వం మారాక రాజధాని పనులే నిలిచిపోయాయి. 2025 మేలో అవి పునఃప్రారంభం కావడంతో, కొత్త నివాస సముదాయాలకూ ఈ విధానం సాధ్యమా అన్నది చర్చించాల్సిన సమయమిది.

గొట్టాలతోనే చిక్కు

కేంద్ర ప్లాంటులో సుమారు 6 డిగ్రీలకు చల్లబరిచిన నీరు భూగర్భ గొట్టాల్లో భవనాలకు చేరి, గదుల్లోని వేడిని గ్రహించి వెనక్కి వస్తుంది. పగలు కార్యాలయాలకు, రాత్రి ఇళ్లకు గిరాకీ ఉంటుంది. అందువల్ల విడివిడి ఏసీల మొత్తం కంటే తక్కువ సామర్థ్యం సరిపోతుంది. విద్యుత్తు, కర్బన ఉద్గారాలు తగ్గుతాయి.

అయితే గొట్టం పొడవు పెరిగేకొద్దీ ఈ లాభం కరిగిపోతుంది. బహుళ అంతస్తుల సముదాయాలకు అనువైన పద్ధతి విడి ఇళ్లకు గిట్టదు. భూసమీకరణలో రైతులకు దక్కిన ప్లాట్లలో ఇళ్లు ఒకేసారి లేవవు. వాడకం లేని గొట్టానికీ వడ్డీ కట్టక తప్పదు. అలాగని రోడ్లు వేశాక తవ్వితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ధర ఎవరి చేతిలో?

ఒకసారి గొట్టానికి కలిసిన ఇంటికి మరో సరఫరాదారు దొరకడు. డెన్మార్క్‌లో దాదాపు మూడింట రెండొంతుల ఇళ్లకు ఉమ్మడి వేడే ఆధారం. 1979 నాటి చట్టంతో అక్కడ ప్రణాళిక బాధ్యత స్థానిక సంస్థలకు దక్కింది. లాభాపేక్ష లేకుండా, అయిన ఖర్చు మేరకే ధర వసూలు చేస్తారు. బ్రిటన్ ఆ జాగ్రత్త ముందుగా తీసుకోలేదు. 2022లో ఇంధన ధరలు భగ్గుమన్నప్పుడు, ఇతర గృహ వినియోగదారులకున్న ధరల పరిమితి ఉమ్మడి వేడిపై ఆధారపడిన ఇళ్లకు వర్తించలేదు. చివరకు 2023 చట్టంతో ఆఫ్‌జెమ్‌కు నియంత్రణ బాధ్యత అప్పగించారు.

మన రాష్ట్రంలో విద్యుత్తు ధరను నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపి నిర్ణయిస్తుంది. చల్లని నీటికీ అటువంటి ఏర్పాటు ఇళ్లను కలపకముందే ఉండాలి. తొలిదశను ప్రభుత్వ భవనాలకు చేరువలోని బహుళ అంతస్తులకే పరిమితం చేయడం, కూలింగ్ టవర్లకు శుద్ధిచేసిన మురుగునీటిని వాడడం మేలు. రోడ్లు పూర్తికాకముందే ఇవన్నీ తేలకపోతే, 30 ఏళ్ల భారం మోయాల్సింది ఆ ఇళ్లు కొనుక్కున్నవారే.