ఊపిరి ఎవరిదో వారినే అడగండి

ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకున్న వారికీ, వారిని కనిపెట్టుకుని ఉండే కుటుంబాలకూ ఈ విన్నపం.

ఊపిరితిత్తుల మార్పిడి అనే మాట మీ ఇంట్లో ఇప్పటికే వినపడి ఉంటుంది. కాకపోతే అది హాల్లోనే తిరుగుతుంది, రోగి పడుకున్న గదిలోకి వెళ్లదు. కొడుకు డాక్టర్ని చాటుగా అడుగుతాడు, అల్లుడు ఫోనులో వెతుకుతాడు, బావమరిది ఖర్చు లెక్కేస్తాడు. "ఆయనకు చెప్పకండి సార్, బెంగ పెట్టుకుంటారు" అంటారు. ఇలాంటి రోగులతో శ్వాస వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టుని నేను. ఆరు నిమిషాల నడక పరీక్షలో పక్కనే నడుస్తుంటే వాళ్లే అడుగుతారు, "మావాళ్లు ఏదో దాస్తున్నారమ్మా, మార్చాలంటున్నారా?" అని. వాళ్లకు తెలుసు. తెలియదని మనం అనుకుంటున్నాం, అంతే.

కాబట్టి దాచకండి. ఆలస్యమూ చేయకండి. ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్ జబ్బు బయటపడగానే మార్పిడి చేసే బృందానికి ఒకసారి చూపించమని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దగ్గర వెంటిలేటరు దాకా వచ్చాక అడుగుతున్నారు. అప్పటికి కండ కరిగిపోయి, ఆపరేషన్‌ను శరీరం తట్టుకోలేదని డాక్టర్లు వెనక్కి పంపేస్తారు. చూపించుకున్నంత మాత్రాన ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు. గుండె, కిడ్నీలు, పళ్లు, బరువు, పాత టీబీ మచ్చలు అన్నీ చూస్తారు. పొగాకు మాని కనీసం ఆరు నెలలైందా అని అడుగుతారు. ఆ తర్వాతే ఆసుపత్రి ద్వారా ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదవుతుంది. 65 ఏళ్లు దాటితే నమోదుకు వీల్లేదన్న నిబంధనను 2023లో కేంద్రం తీసేసింది, స్థానికులై ఉండాలన్న షరతునూ తీసేయమని రాష్ట్రాలకు చెప్పింది. అయినా ఎదురుచూపు తప్పదు. బ్లడ్ గ్రూపు కలవాలి, ఛాతీ కొలత కుదరాలి. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి కిడ్నీలు పనికొచ్చినా ఊపిరితిత్తులు చాలాసార్లు పనికిరావు. అవి తొందరగా పాడవుతాయి. బయటికి తీశాక చేతిలో ఉండేవి కొద్ది గంటలే. ఊపిరితిత్తులు దొరికాయన్న ఫోను అర్ధరాత్రి రావచ్చు, ఎప్పటికీ రాకపోనూవచ్చు.

కొంచెం పక్కకు పోయినా, ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ జబ్బులన్నీ మార్పిడి దాకా పోవు. మన దేశంలోని 27 కేంద్రాల నుంచి ఇలా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులున్న 1,084 మంది రోగుల వివరాలు సేకరించి 2017లో ప్రచురించిన రిజిస్ట్రీలో, దాదాపు సగం మందిది పీల్చే గాలిలోని ధూళి, బూజు పడకపోవడం వల్ల వచ్చిన రకం. ఆ రకం వారిలో దాదాపు సగం మంది ఇళ్లలో ఎయిర్ కూలరు ఉంది. కూలరు గడ్డి మార్చకుండా ఏళ్లు గడిపేవాళ్లూ, బాల్కనీలో పావురాలకు గింజలు చల్లేవాళ్లూ ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇక ఆపరేషన్ ఏమిస్తుందో, ఏమి తీసుకుంటుందో రోగికి ఉన్నదున్నట్టు చెప్పాలి. మార్పిడి చేయించుకున్న వారిలో సగం మంది ఆరేళ్లకు పైగా బతుకుతున్నారని అంతర్జాతీయ లెక్కలు. కిడ్నీ మార్పిడితో చూస్తే ఇది తక్కువే. లోపల దాగి ఉండే కిడ్నీలా కాదు, ఊపిరితిత్తి ప్రతి శ్వాసకూ బయటి గాలిని, అందులోని క్రిములను తాకుతుంది. శరీరం కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ లాంటి మందులు బతికినంత కాలం వేళ తప్పకుండా వేసుకోవాలి. వాటితో షుగరు రావచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు, టీబీ, ఫంగస్ తేలిగ్గా అంటుకోవచ్చు. మొదటి కొన్ని నెలలు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండాలి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాదు నుంచో వచ్చిన కుటుంబానికి అంటే హైదరాబాదులో అద్దె ఇల్లు, ఒకరి ఉద్యోగానికి సెలవు. మరోవైపు, ముక్కుకు గొట్టం లేకుండా మెట్లెక్కే మనిషి. నాలుగు చెంబులు పోసుకుని ఆయాసపడకుండా స్నానం ముగించే మనిషి. ఇది చిన్న లాభం కాదు.

ఈ రెండూ చెప్పాక, మీకు ఏం కావాలని అడగండి. బంధువులంతా చుట్టూ చేరినప్పుడు కాదు, ఒక్కరే ఉన్నప్పుడు. ఒకసారి అడిగి ఊరుకోకండి. ముఖ్యంగా అమ్మలు చెప్పే జవాబును జాగ్రత్తగా వినండి. "నా కోసం పొలం అమ్మకండ్రా" అని ఆమె అంటే ఆపరేషన్ వద్దన్నట్టు కాదు, అప్పు వద్దన్నట్టు. ఈ రెండింటినీ ఒకే ముడి వేసి "అమ్మే వద్దంది" అని చెప్పుకునే ఇళ్లు నేను చూశాను. డబ్బు మాట విడిగా మాట్లాడండి. బీమా ఎంత ఇస్తుంది, సహాయ నిధికి ఎవరు అర్జీ పెడతారు, ఏడాదికి మందులకు ఎంత అన్నవి తేల్చుకుని మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లండి. దీనికి రెండో వైపూ ఉంది. కొడుకుల ముఖం చూసి, లోపల భయంతోనే సరేననే తండ్రులూ ఉంటారు.

ఆసుపత్రినీ మొహమాటం లేకుండా అడగండి. గుండెలూ కిడ్నీలూ కలిపి చెప్పే లెక్క కాదు. నిరుడు ఊపిరితిత్తులు ఎందరికి మార్చారు, వారిలో ఏడాది దాటింది ఎందరు, మూడేళ్లు దాటింది ఎందరు అని.

వద్దని రోగి అంటే పిరికితనం అనకండి. మార్పిడి లేకపోయినా చేయగలిగింది ఉంది. ఆయాసాన్ని తగ్గించడానికి కొందరికి డాక్టరు పర్యవేక్షణలో కొద్ది మోతాదు మార్ఫిన్ ఇస్తారు. ఇలా బాధను తగ్గించే పాలియేటివ్ కేర్ కేన్సరు వాళ్లకే అన్నది అపోహ. మార్పిడి జాబితాలో ఉన్నవాళ్లూ ఆ సాయం తీసుకోవచ్చు.

చివరగా, మార్పిడి చేయించుకుని తిరుగుతున్నవారికి, వద్దనుకుని నిమ్మళంగా ఉన్నవారికి కూడా. సన్మాన సభల్లో శాలువా కప్పించుకోవడం కన్నా, నిర్ణయం తేలక నలుగుతున్న ఒక మనిషి పక్కన అరగంట కూర్చోండి. మంచీ చెడూ రెండూ చెప్పండి, చేయించుకోమనో మానుకోమనో మాత్రం చెప్పకండి. మీరు చూపించుకునే ఆసుపత్రిలోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటరుకి మీ నంబరు ఇచ్చి ఉంచండి. ఏ వేళల్లో ఫోను చేయవచ్చో కూడా రాయండి.