ఆట మధ్యలో అజాన్



తుపాకుల ఆటను గురించి ఈ శీర్షికలో రాయవలసి వస్తుందని పాఠకులు ఊహించి ఉండరు. కాని ప్రశ్న వచ్చింది, అదీ సూటిగా వచ్చింది. కోనసీమకు చెందిన పదిహేడేళ్ళ విద్యార్థి ఒకడు, మా మదరసాలో నాజిరా పూర్తిచేసి ప్రస్తుతం ఇంటర్మీడియట్ చదువుతున్నవాడు, నోటు పుస్తకంలోంచి చించిన రెండు కాగితాలు నా చేతికిచ్చి, ‘‘హజ్రత్, ఇది కంపెనీవాళ్ళకు పంపితే పాపంలో సహాయపడినట్లవుతుందా?’’ అని అడిగాడు. ఆ కాగితాలలో ఉన్నవి ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ అనే ఆటను ప్రయోగదశలో ఆడి చూసి అతడు రాసుకున్న అభిప్రాయాలు.

ఈ సంగతులు తెలియని పెద్దలకు కొంత వివరణ అవసరం. పబ్‌జీ ఆటను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న మరి 117 యాప్‌లతో కలిపి నిషేధించింది. ఆ ఆటకు అసలు యజమాని అయిన దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్, దానినే భారతదేశం కోసం కొత్త పేరుతో సిద్ధం చేసింది. ముందస్తు నమోదు 2021 మే 18న, అంటే ఈదుల్ ఫిత్ర్ జరిగిన నాలుగు రోజులకు మొదలైంది. జూన్ 17న పరిమిత సంఖ్యలో కొందరికి ముందుగా ఆడి చూసే అవకాశం ఇచ్చారు. దీనినే బీటా అంటారు. దర్జీ చొక్కాకు గుండీలు కుట్టకముందే ఒకసారి తొడిగి, ఎక్కడ బిగువుగా ఉందో చెప్పమన్నట్లు. జూలై 2న అందరికీ విడుదలైంది.

ఆట స్వరూపం ఇది. వందమంది పారాచూట్లతో ఒక దీవిలో దిగుతారు. ఆయుధాలు ఏరుకుంటారు. ప్రాణానికి క్షేమమైన వలయం క్రమంగా కుంచించుకుపోతుంది. చివరకు మిగిలినవాడు విజేత. ఒక ఆటకు సుమారు అరగంట పడుతుంది. ఇద్దరుగానో, నలుగురుగానో జట్టు కట్టవచ్చు, ఒంటరిగానూ దిగవచ్చు. మన విద్యార్థి ఒంటరి ఆటగాడు. జట్టు ఎందుకు లేదని అడిగితే తోటివాళ్ళ ఫోన్లు ఈ ఆటను మోయలేవన్నాడు. కర్ఫ్యూ రోజులు, మూతపడిన కళాశాల, అమ్మ ఫోన్‌లో పాఠం, ఆ ఫోన్‌లోనే ఆట.

ఇటువంటి ఆటలు పూర్తిగా నిషిద్ధమని ఒక్క మాటలో తేల్చిన పండితులు ఉన్నారు. వారి కారణాలు తేలికైనవి కావు. పరిహాసానికైనా సోదరుని వైపు ఆయుధం చూపవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారు. వేళాపాళా లేకుండా గురిచూసి కాల్చడమే వినోదమైన మనసుకు ఆ వారింపు చేరడం కష్టం. 2020 ఆగస్టులో పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఒక బాలుడు తిండీ నీళ్ళూ మాని ఇటువంటి ఆటలో మునిగి మరణించాడని పత్రికలలో చదివాము. నేను ముఫ్తీని కాను, నా మాట ఫత్వా కాదు. ఈ ఆట ఆడమని ఏ పిల్లవానికీ నేను చెప్పను. అయితే నన్ను అడిగిన ప్రశ్న ఆడటం గురించి కాదు, లోపం కనిపించినపుడు చెప్పడం గురించి. పుణ్యకార్యాలలో పరస్పరం సహకరించుకోవాలనీ, పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోరాదనీ అల్ మాయిదా సూరా ఆదేశిస్తున్నది. కనుక కాగితాన్ని మొత్తంగా కాక, అంశం వెంట అంశంగా చూడవలసి వచ్చింది.

అడుగుల చప్పుడు ఏ దిక్కునుంచి వస్తున్నదో తెలియడం లేదనీ, అరగంట గడిస్తే ఫోన్ వేడెక్కుతున్నదనీ మొదట రాశాడు. వాటి జోలికి నేను పోలేదు.

తరువాతి ఫిర్యాదు నన్ను ఆపింది. పబ్‌జీ రోజుల నుంచి ఆరితేరినవారు తమ పాత ఖాతాలను తెచ్చుకునే వీలు 2021లో ఉండేది. నిన్న మొన్న చేరినవాడిని వారి నడుమ దింపితే ఆయుధం వెదుక్కునే లోపునే పని ముగుస్తుంది. ఇది పోటీ కాదు అని రాశాడు. ఈ మాట చదివినపుడు మదీనాలో జరిగిన గుర్రపు పందేలు జ్ఞాపకం వచ్చాయి. దైవప్రవక్త (స) తర్ఫీదు పొందిన గుర్రాలను హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా వరకు పరుగెత్తించారు. అది ఐదారు మైళ్ళ దూరం. తర్ఫీదు లేని గుర్రాలకు సనియ్య నుంచి బనూ జురైఖ్ మసీదు వరకు, ఒక మైలు మాత్రమే నిర్ణయించారు. ఆ పందెంలో స్వయంగా పాల్గొన్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఈ ఉల్లేఖనాన్ని మనకు అందించారు. రెండు రకాల గుర్రాలకు రెండు వేర్వేరు పందేలు! ఈ హదీసును నేను ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. పిల్లలు దూరాలు బట్టీపట్టి అప్పజెబుతారు. ఆ దూరాలు ఎందుకు వేరయ్యాయో ఈ కుర్రవాడు హదీసు చూడకుండానే పట్టుకున్నాడు. ఆటలో న్యాయం కోరడం పాపానికి సహాయం ఎలా అవుతుంది?

ఇంకొక అంశం దీనికంటే లోతైనది. కొత్తవారు ఆడే ఆటలలో ఎదుటివారు అందరూ మనుషులు కారు. కొందరు యంత్రం నడిపే బొమ్మలు. వాటిని బాట్లు అంటారు. గురి తప్పుతూ, ఎదురుగా నిలబడి దెబ్బ తినడం వాటి పని. వాటిపై గెలిచిన పిల్లవాడు మనుషులపై గెలిచాననుకుని మళ్ళీ మళ్ళీ వస్తాడు. ఎవరు మనిషో ఎవరు బొమ్మో ఆట చెప్పదు. మనవాడు ఇలా రాశాడు: ‘‘బొమ్మలు ఉంటే ఉండనివ్వండి, కాని పేరు పక్కన గుర్తు పెట్టండి. నేను ఎవరిని ఓడించానో నాకు తెలియాలి.’’

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూశారు. వేళ్ళకు తడి తగిలింది. వాన తడిసిందని వర్తకుడు చెప్పగా, జనానికి కనబడేలా ఆ తడి గింజలను పైన ఎందుకు ఉంచలేదని మందలించి, మోసగించేవాడు తమవాడు కాడని స్పష్టం చేశారు. గోదావరి డెల్టాలో ఈ హదీసుకు వ్యాఖ్యానం అక్కర్లేదు. కళ్ళంలో ధాన్యం తేమ చూసే ప్రతి రైతుకూ, ప్రతి కమీషన్ వ్యాపారికీ అర్థమవుతుంది. పైన పొడి గింజలు, లోపల తడి గింజలు; పైన మనిషి పేరు, లోపల బొమ్మ. ఈ అంశాన్ని ఇంకా స్పష్టంగా రాయమని నేనే చెప్పాను.

నాలుగో అంశం దగ్గర మాత్రం కలం తీసుకుని కొట్టివేయించాను. డబ్బు చెల్లించి పెట్టెలు తెరిచే ఏర్పాటు ఈ ఆటలో ఉంది. పెట్టెలో అరుదైన దుస్తులు రావచ్చు, పనికిరాని చిల్లర వస్తువు రావచ్చు, తెరిచేదాకా తెలియదు. చెల్లించిన సొమ్ము మాత్రం తిరిగి రాదు. మంచి వస్తువు వచ్చే అవకాశాన్ని పెంచమని అతడు కోరాడు. ‘‘బేటా, ఇది జూదానికి దగ్గరి బంధువు. జూదశాలకు పోయి గెలిచే అవకాశం పెంచమని అడిగితే అది సంస్కరణ అవుతుందా?’’ అన్నాను. జూదం మనుషుల మధ్య వైరం పెంచుతుందనీ, నమాజు నుంచి మరలిస్తుందనీ చెప్పిన వాక్యాలు కూడా అల్ మాయిదా సూరాలోనివే. పద్దెనిమిదేళ్ళు నిండనివారు రోజుకు ఏడు వేల రూపాయలకు మించి ఖర్చు చేయకుండా హద్దు పెట్టామని 2021లో సంస్థ చెప్పింది. నెలకు కాదు, రోజుకు! మన పల్లెల్లో ఎందరో ముఅజ్జిన్లకు నెలంతా కలిపినా చేతికి అంత రాదు. పెట్టెలు వద్దని రాయదలిస్తే రాయవచ్చు. పెట్టెలను మెరుగుపరచమని రాయరాదు. అతడు కొంతసేపు మౌనంగా ఉండి, అప్పటికే రెండు వందలు పోయాయని చెప్పాడు. ఆ సొమ్ము సంగతి తండ్రికి చెప్పమన్నాను.

అసలు రాస్తే వింటారా అని కొందరు అడగవచ్చు. 2020 జూన్‌లో పబ్‌జీలో ‘మిస్టీరియస్ జంగిల్’ పేరిట వచ్చిన కొత్త విధానంలో, ఆటగాని బొమ్మ ఒక విగ్రహం ముందు వంగి ప్రార్థిస్తే బలం వచ్చేట్లు పెట్టారు. గల్ఫ్ దేశాల ముస్లిం ఆటగాళ్ళు, పండితులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. సంస్థ క్షమాపణ చెప్పి ఆ భంగిమను తొలగించింది. అక్కడ ఆడేవారు నోరు విప్పి ఉండకపోతే, ఆడని మనకు ఆ సంగతి తెలిసేదే కాదు.

ఇక చివరి అంశం. కాగితం అడుగున, చిన్న అక్షరాలతో, సిగ్గుపడుతూ రాసినట్లుంది. ఆట నడుస్తుండగా మగ్రిబ్ అజాన్ వినబడుతుంది. మధ్యలో వదిలివస్తే స్థానం దిగజారి పాయింట్లు పోతాయి. ముగిసేదాకా ఉంటే నమాజు వేళ జారిపోతుంది. పాయింట్లు పోకుండా బయటికి వచ్చే వీలు ఇవ్వండి అని కోరాడు.

ఈ కోరికలో పాపం లేదు. పంపమనే అన్నాను. అయినా ఒక సంగతి అతనికి చెప్పక తప్పలేదు. వందమంది ఒకేసారి ఆడే ఆటను ఒకరి కోసం నిలపడం ఎవరికీ సాధ్యం కాదు. ఒంటరిగా దిగినా, ఆ దీవిలో అతడు తొంభైతొమ్మిది మందితో ముడిపడి ఉన్నాడు. నిర్ణయం ఆట మధ్యలో తీసుకునేది కాదు, మొదలుపెట్టే మీట నొక్కకముందు తీసుకునేది. అజాన్ విన్నాక లేవడానికి ఎంతో ఈమాన్ కావాలి. అంతకు ముప్పావుగంట ముందు ఫోన్ పక్కన పెట్టడానికి గడియారం చాలు.

తల్లిదండ్రులకు ఒక మాట. పద్దెనిమిది నిండనివారికి రోజుకు మూడు గంటల హద్దు ఉన్నదనీ, సంరక్షకుల ఫోన్ నంబరు అడుగుతారనీ మీరు నిశ్చింతగా ఉండవద్దు. మన ఇళ్ళలో సంరక్షకురాలి ఫోనూ ఆటగాని ఫోనూ ఒక్కటే. అనుమతి కోరుతూ వచ్చే సందేశం పిల్లవాని చేతిలోనే మోగుతుంది. పైగా ఆ మూడు గంటలు ఏ మూడు గంటలో సంస్థ చూడదు. ఇషా తరువాత కబుర్లతో కాలక్షేపం చేయడాన్ని దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కారు. రాత్రి పదకొండు నుంచి రెండు వరకు ఆడినా అది సంస్థ లెక్కలో నియమపాలనే. ఫజర్ లెక్కలో మాత్రం కాదు.

మన ప్రాంతంలో జూలైలో మగ్రిబ్ సాయంత్రం 6.40 ప్రాంతంలో అవుతుంది. అరగంట ఆటకు, పది నిమిషాలు వుజూకు తీసివేస్తే, ఆరు గంటల తరువాత కొత్త ఆట మొదలుపెట్టరాదని విద్యార్థీ నేనూ కలిసి లెక్క వేసుకున్నాము. ఆ లెక్కను గోడ మీద క్యాలెండర్ పక్కన అతికించుకుంటానన్నాడు. డిసెంబరు మొదట్లో మగ్రిబ్ 5.30కే వస్తుంది, అప్పటికి అది 4.50 అవుతుంది.